నలభై రెండో ఆంపు

జూన్ 4

పిచ్చుకా,

ఎలా ఉన్నావే? నీ పొడి దగ్గు తగ్గిందా, అది ముందు రాయి. నీ గదిలో ఉండే నర్సమ్మాయి మెడనొప్పి ఎలా ఉంది? దిండు లేకుండా పడుకోమన్నానని చెప్పు. మీ ఇంటి ఓనరమ్మకి షుగరు అదుపులో ఉందా? ఆవిడ కుక్క కుంటుతోందన్నావు, కట్టు విప్పారా? మీ షాపు పెద్దాయన్ని నేను చూడలేదు, అయినా ఆయన కూడా బాగుండాలి. ఇప్పుడు నువ్వు ఆయన చేతిలో ఉన్నావు మరి.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ అమ్మకి మడమ నొప్పి. మీ నాన్నకి బస్సు తోలి తోలి నడుం పట్టేసింది, పడుకోమంటే పడుకోడు. కింద ఇస్త్రీ షాపు ఆవిరి మెట్లెక్కి వచ్చి మన గోడ ఉబ్బింది. ఎప్పుడు ఊడి నెత్తిన పడుతుందో అని నా మంచం రెండు జానలు ఇవతలికి జరుపుకున్నాను. నా మోకాళ్ళ గురించి రాస్తే కాగితం చాలదు.

ఫోన్లో గుయ్యిమని మోత తప్ప మాట తెలియడం లేదు. ఈ ఫోన్లు పాడైపోయాయి, అందుకే రాస్తున్నాను. నాలుగో క్లాసు చదువు నాది, తప్పులుంటే దిద్దుకుని చదువుకో.

అసలు సంగతికి వస్తాను. నువ్వు టికెట్ల కిటికీ ఉద్యోగం మానేసి, పాటలవాళ్ళ ఆంప్లిఫయర్లు బాగుచేసే షాపులో చేరావని మీ అమ్మ వారం రోజులు దాచి నిన్న చెప్పింది. అప్పటినుంచీ నా ప్రాణం ప్రాణంలో లేదు. కిటికీలో కూర్చుని టికెట్లు కొట్టుకుంటే కరెంటు నీ జోలికి వస్తుందా? మీ తాతయ్య ముప్ఫై ఏళ్ళు మైకు సెట్టు నడిపాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఆయన పెట్టె మూత తీసినప్పుడల్లా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఆయనకొక పద్ధతుండేది. పెట్టెలో ఒక్క చెయ్యే పెట్టేవాడు. రెండోది చొక్కా జేబులో. రెండు చేతులూ పెడితే కరెంటు ఈ చేతినుంచి ఆ చేతికి గుండె మీదుగా పోతుందట. ఒక చెయ్యి జేబులో ఉంటే గుండె మీదుగా దానికి దారి ఉండదట. నేను వంటింట్లోంచి "జేబు?" అని అరిచేదాన్ని. ఆయన "జేబే!" అనేవాడు. అప్పుడు గాని నా చేతిలో గరిటె కదిలేది కాదు.

మీ ఆడపిల్లల బట్టలకి జేబులుండవు. ఈ కాలం దర్జీలకి ఏం పోయేకాలమో. అందుకని తాతయ్య చొక్కాలు రెండు నీ కొలతకి కత్తిరించి, కింద ఎడం పక్కన లోతుగా జేబులు కుట్టి పంపుతున్నాను. మూడు వరసలు కుట్టాను, చిరగవు. వేసుకునే పని చెయ్యి.

జేబు?

అమ్మమ్మ


జూన్ 13

అమ్మమ్మా,

దగ్గు పోయింది. నర్సు మెడ బాగుంది, దిండు మాత్రం వదల్లేదు. ఓనరమ్మని షుగరు సంగతి అడిగితే గదిలోంచి పొమ్మంటుంది, నేనడగను. కుక్క పరిగెడుతోంది.

చొక్కాలు అందాయి. ఒళ్ళు సరిపోయింది. జేబులే సరిపోలేదు. ఎడం పక్కన కుట్టావు. నేను పని చేసేది ఎడం చేత్తో అమ్మమ్మా. చిన్నప్పుడు పలక పట్టినప్పుడల్లా నా ఎడం చేతిని రిబ్బనుతో కుర్చీకి కట్టేసేదానివి, గుర్తుందా? ఇరవై ఏళ్ళయింది. ఇప్పుడు జేబులో కట్టెయ్యాలని చూస్తున్నావా? విప్పగానే నవ్వొచ్చింది, తరవాత రాలేదు.

సరే, షాపు సంగతి. సాయంత్రం రిపేరు క్లాసుల్లో నేర్చుకున్నది ఇక్కడ ఏ మూలకీ చాలలేదు. షాపంటే పొడుగాటి గది, రెండు వైపులా బల్లలు, ఒక్కో బల్ల మీద ఒక దీపం, సోల్డరింగ్ పొగ. నాకింకా బల్ల లేదు. ఊడుస్తాను, మోస్తాను, స్క్రూలు ఏరతాను. ప్రస్తుతం షాపులో నలభై ఆంపులున్నాయి, వాటి మధ్య కాలు పెట్టే చోటు లేదు. కానీ అన్నీ బయటివాళ్ళవి, నన్ను ముట్టుకోనివ్వరు.

పెద్దాయన దగ్గర ఒక రూలుంది. కొత్తగా చేరినవాళ్ళు చచ్చిన పెట్టె ఒకటి సొంతంగా తెచ్చుకోవాలి. ఎవరి సాయం లేకుండా దాన్ని మాట్లాడించాలి. బాగయిందో లేదో ఆయన చెప్పడు. ఆ పెట్టె ఎవరిదో వాళ్ళు షాపుకి వచ్చి, దాని ముందు నిలబడి విని, "ఇది దాని గొంతే" అనాలి. అంటే బల్ల ఇస్తాడు. ఆగస్టు ఆఖరు దాకా గడువు. ఈలోపు కాకపోతే నేను మళ్ళీ టికెట్ల కిటికీకే.

నీ మంచం కింద తాతయ్య పెట్టె ఉంది కదా. అది పంపు. వచ్చి వినాల్సింది నువ్వే. నీకంటే దాని గొంతు ఎవరికి తెలుసు?

నీ పిచ్చుక


జూన్ 22

పిచ్చుకా,

నీ దగ్గు పోయిందంటే సంతోషం, కానీ పోయిన దగ్గు వానల్లో మళ్ళీ వస్తుంది, మెడకి గుడ్డ చుట్టుకో. కుక్క పరిగెడితే మంచిదే, నిన్ను కరవకుండా చూసుకో. మీ అమ్మ మడమ అలాగే ఉంది. గోడ ఇంకో బెత్తెడు ఉబ్బింది.

జేబు సంగతి చదివి నా చెంపలు నేనే వాయించుకున్నాను. నిన్ను కట్టెయ్యాలని కాదే తల్లీ! తాతయ్యకి కుడిచేతి వాటం, ఆయన జేబు ఎడం పక్కనుండేది. నేను దాన్ని చూసి దీన్ని కుట్టాను, అంతే. బుర్ర లేదు, సూదే ఉంది నాకు. రిబ్బను కట్టింది నిజమే. పంతులమ్మ కొడుతుందన్న భయంతో కట్టాను. నేను కట్టడం, నేనటు తిరగ్గానే తాతయ్య విప్పడం. అప్పుడే నాకు బుద్ధి రావాల్సింది. ఇప్పుడు కుడి పక్క జేబులతో ఇంకో రెండు పంపుతున్నాను. మీ అమ్మ చూసి "ఆయన చొక్కాలన్నీ కత్తిరించేశావు, ఇంకేం మిగిలింది" అంది. పిల్ల మిగలాలి కదా అన్నాను.

నలభై ఆంపుల మధ్య తిరుగుతున్నానని రాశావు. చదివిన రోజు నేను ముద్ద ముట్టలేదు. మన నీళ్ళ గీజరు ప్లగ్గు మీద పదిహేను ఆంపులని రాసుంటుంది, దానికే మీ నాన్న చెప్పులేసుకుని గాని స్విచ్చి వెయ్యడు. నలభైలో నువ్వెలా కాలు పెట్టావే? మీ పెద్దాయనకి పిల్లలున్నారా? ఉంటే వాళ్ళని పెడతాడా అక్కడ?

ఇక పెట్టె. అది వద్దు. చాలా బరువు, మీ నాన్న నడుం విరుగుతుంది. పైగా దాంట్లో ఎలకలు పిల్లలు పెట్టాయేమో. పైగా ముట్టుకుంటే షాకు కొడుతుంది. ఇంకోటి, దాని మీద నా ట్రంకు పెట్టె ఉంది, ట్రంకు మీద దుప్పట్లున్నాయి, అవి కదిపితే దుమ్ము లేస్తుంది, మీ అమ్మకి తుమ్ములు. అన్నిటికంటే, అంత దూరం వచ్చి వినడం నావల్ల కాదు. ఇంకెవరిదైనా పెట్టె వెతుక్కో. వాళ్ళే వచ్చి వింటారు.

దీన్ని మాత్రం అడక్కు. నీకు పుణ్యముంటుంది.

జేబు? (కుడిది.)

అమ్మమ్మ


జూలై 3

అమ్మమ్మా,

నలభై ఆంపులంటే నలభై ఆంప్లిఫయర్లు. అవన్నీ చచ్చి పడున్నాయి, ప్లగ్గులు గోడకి లేవు. నీ గీజరు మీద రాసున్న ఆంపులు వేరు, అవి కరెంటు ఎంత పోతుందో కొలిచేవి. అన్నం తిను.

చొక్కాలు అందాయి. బాగున్నాయి.

ఆదివారం నేను ఫోన్ చేశాను. పెట్టె గురించి నీతోనే మాట్లాడాలని అమ్మని బతిమాలి నీ చేతికిప్పించాను. ఈ మూడు వారాల్లో ఎన్ని చోట్ల అడిగానో, ఎవరూ తమ పెట్టె ఊడ్చే పిల్ల చేతిలో పెట్టనంటున్నారని చెప్పాను. నాకు భయంగా ఉందని కూడా చెప్పాను, ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదది. నువ్వు "ఆఁ, ఆఁ, సరే సరే" అని ఫోన్ పెట్టేశావు.

అర్థమైంది. ఎలకలూ, దుమ్మూ, బరువూ అన్నీ ఒట్టి మాటలు. తాతయ్య పెట్టె నా చేతిలో పెట్టడం నీకిష్టం లేదు. ఎడం చేతిలో అసలు ఇష్టం లేదు. ఆ మాటే మొహాన అనెయ్యొచ్చు.

టికెట్ల కిటికీ వాళ్ళు సెప్టెంబరు ఒకటికి మళ్ళీ రమ్మంటున్నారు. వస్తానని చెప్పడానికి కాగితం తెచ్చుకున్నాను, ఇంకా నింపలేదు.

నర్సు నిన్ను అడిగానని చెప్పమంది.

పిచ్చుక


జూలై 10

పిచ్చుకా, నా తల్లీ,

ఈసారి ఎవరి ఆరోగ్యమూ అడగను. ముందు ఆ కాగితం చింపెయ్యి. తరవాత కూర్చుని చదువు.

నీ ఫోను నేను పెట్టెయ్యలేదే. నువ్వు మాట్లాడిందాంట్లో ఒక్క ముక్క నాకు వినబడలేదు. పిచ్చుక గొంతు వస్తోంది, పోతోంది, అంతే తెలిసింది. ఎప్పుడు ఆగావో తెలియక అయిపోయిందనుకుని ఇచ్చేశాను. ఫోన్లు పాడవలేదు. నా చెవులు పాడయ్యాయి. రెండేళ్ళ పైనయింది. మీ అమ్మ ఏమన్నా ఊఁ అంటాను, మీ నాన్న ఏమన్నా నవ్వుతాను. మొన్న ఆయన "నడుం చచ్చిపోతోంది అత్తయ్యా" అన్నాడట. నవ్వేశాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అది కూడా నాకు మూడో రోజు తెలిసింది.

చెవిటిదాన్ని తీసుకెళ్ళి పెట్టె ముందు నిలబెడితే నేనేం చెప్పాలి? వినకుండా "దాని గొంతే" అని అబద్ధమాడాలా? "ఏమో" అని నీ బల్ల పోగొట్టాలా? అందుకని ఎలకల్ని అడ్డం పెట్టాను.

అది సగం కారణం. రెండో సగం పదహారేళ్ళుగా నా గొంతులో ఉంది. నీకే మొదట చెబుతున్నాను.

ఆ పెట్టెని పాడుచేసింది నేను.

బడిలో పిల్లలకి బహుమతులిచ్చే రోజు. మీ తాతయ్య మైకు పెట్టాడు. నేను పెట్టె పక్కన కూర్చున్నాను. హెడ్మాస్టరు లేచి నిలబడ్డాడు, పెట్టె ఠక్కున ఆగిపోయింది. మీ తాతయ్య మైదానం అవతల చెట్టెక్కి బాకా కడుతున్నాడు. జనం ఈలలు. ఒకడు "ఏం సెట్టయ్యా ఇది, చిత్తుకాగితాలవాడికి అమ్మెయ్" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. వెనకాల గాజు గొట్టం నల్లబడింది, అది ఫ్యూజని నాకు తెలుసు. దాని మీద 2 అని ఉండేది. కొత్తది ఆయన జేబులో ఉంది, ఆయనేమో చెట్టు మీద ఉన్నాడు. స్విచ్చి ఆపాను, అంత తెలివి ఉంది. గొట్టం పీకేసి, నా తలపిన్ను తీసి ఆ రెండు రేకుల మధ్య దూర్చాను. స్విచ్చేశాను. పెట్టె మాట్లాడింది! హెడ్మాస్టరు అరగంట మాట్లాడాడు. నా అంత గొప్పది లేదనుకున్నాను. అప్పుడు పొగ వచ్చింది.

మర్నాడు పిన్ను తీసేద్దామని చాటుగా చూస్తే అక్కడ లేదు. కాలి బూడిదైందనుకున్నాను. ఆయన మూత తీసి చాలాసేపు చూశాడు. మూత పెట్టేశాడు. "ఇక చాలే, నా చేతిలో పని పోయింది" అన్నాడు. మళ్ళీ ముట్టుకోలేదు. సినిమా హాల్లో టికెట్లు చింపే పనికి వెళ్ళాడు. పదకొండేళ్ళు, పోయేదాకా. తన చేతి తప్పనుకున్నాడు పిచ్చి మనిషి. నాది అని చెప్పడానికి నోరు రాలేదు. రోజూ ఇవాళ చెబుతాను అనుకునేదాన్ని.

ఇప్పుడు చెప్పు, నీ ఎడం చేతి మీద నమ్మకం లేక పంపలేదా నేను? నువ్వు మూత తీసి చూస్తే నా బండారం బయటపడుతుందని భయపడ్డాను. అంతే.

ట్రంకు దించేశాను. ఎలకలు లేవు. పెట్టెని నా దుప్పట్లో చుట్టి మీ నాన్న బస్సులో పంపుతున్నాను. తిట్టాలంటే తిట్టు. కానీ ఒక చెయ్యి జేబులో పెట్టుకుని తిట్టు.

అమ్మమ్మ


ఆగస్టు 9

అమ్మమ్మా,

కాగితం చింపేశాను. నెల రోజులు ఉత్తరం రాయనందుకు నువ్వు ఏమేం ఊహించుకున్నావో అమ్మ చెప్పింది. నాకు షాకు కొట్టలేదు, ఆసుపత్రిలో లేను, కుక్క కరవలేదు. పెట్టె తప్ప ఇంకేం చూడలేదు, అంతే.

నాన్న పెట్టె దింపినప్పుడు పెద్దాయన దుప్పటి విప్పి, "నలభై ఒకటి" అని పుస్తకంలో రాసుకుని వెళ్ళిపోయాడు.

ఇప్పుడు నువ్వు కూర్చుని చదువు.

మూత లోపలి వైపంతా పెన్సిలు రాతలు. పాతకాలం రిపేరువాళ్ళు ఏ రోజు ఏం మార్చారో మూత మీదే రాసుకుంటారట. తాతయ్య అక్షరాలు చీమల్లా ఉన్నాయి. "వాల్వు మార్చాను." "తీగ ఎలక కొరికింది." (ఎలకలు నిజంగానే ఉండేవి, నీ మాట పూర్తిగా అబద్ధం కాదు.) బడి రోజుకి ఐదు నెలల ముందు ఇలా ఉంది: "సన్న తీగ ఆనడం లేదు. కళ్ళు అయిపోయాయి. ఈ ఏడాదితో ఆపెయ్యాలి. ఆవిడ దిగులు పడుతుంది, మెల్లగా చెప్పాలి."

ఆఖరిది బడి మర్నాడు రాశాడు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను:

"ఫ్యూజులో తలపిన్ను. ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. ఆవిడ పని. అనకూడదు. నా పరువు కాపాడాలని చేసింది. ఎలాగూ ఆపేద్దామనుకున్నదే."

దాని కింద, నల్ల టేపుతో మూతకి అంటించి, నీ పిన్ను ఉంది. సగం నీలంగా మాడింది, బూడిద కాలేదు.

అమ్మమ్మా, ఆయన మానేసింది నీ పిన్ను వల్ల కాదు. కళ్ళ వల్ల. నీకెలా చెప్పాలా అని ఆయనా, ఆయనకెలా చెప్పాలా అని నువ్వూ.

నేను తిట్టను. ఒక్కటి మాత్రం చెబుతాను. గొట్టం మీద 2 అంటే రెండు ఆంపులు. అంతకంటే ఎక్కువ పోతే ఫ్యూజు తను కాలిపోయి పెట్టెని కాపాడుతుంది. అదే దాని పని. తలపిన్నుకి ఆ పని రాదు, ఎంత పోయినా ఊరికే నిలబడి ఉంటుంది. మళ్ళీ ఎక్కడా పెట్టకు.

ట్రాన్స్‌ఫార్మర్ తీగంతా విప్పి మళ్ళీ చుట్టాను. పదహారు రోజులు పట్టింది. ఎడం చేత్తో. కరెంటు పెట్టి చూసినప్పుడల్లా కుడిచెయ్యి జేబులో. పెద్దాయన వెనక నిలబడి చూసి, "ఆ చెయ్యి జేబులో పెట్టడం ఎవరు నేర్పారు?" అన్నాడు. మా అమ్మమ్మ అన్నాను. "ఆవిడ మెకానిక్కా?" అన్నాడు. చాలా పెద్ద మెకానిక్కు అన్నాను.

నిన్న మాట్లాడింది! ఒక్క సంగతే తేలలేదు. స్విచ్చి వేశాక మాట రాబోయే ముందు చిన్నగా "ఖుర్ర్" మంటుంది. పెద్దాయన అది లోపమన్నాడు, ఒక్క ముక్క మారిస్తే పోతుంది, అయిదు నిమిషాల పని. తీసేస్తే శుభ్రంగా ఉంటుంది. కానీ అది ముందునుంచీ ఉందో, నా చుట్టడంలో వచ్చిందో నాకు తెలీదు. తెలిసింది నీకొక్కదానికే. ఇరవై రోజులే ఉన్నాయి. నువ్వొచ్చి వినకపోతే ఇదంతా ఒట్టిదే.

నర్సు వాళ్ళ ఆసుపత్రిలో చెవుల డాక్టరు చాలా మంచివాడట. మన ఊళ్ళోనూ ఉంటారు. అమ్మకి చెప్పనా?

జేబే. కుడిదే.

పిచ్చుక


ఆగస్టు 16

పిచ్చుకా,

నీ ఒళ్ళెలా ఉంది? పదహారు రోజులు వంగి తీగ చుడితే మెడ పట్టలేదా? నర్సమ్మాయి చేత నూనె రాయించుకో, దాని మెడకి నువ్వు రాయి, రెండూ ఒకేసారి బాగవుతాయి. కుక్కకి నా దీవెనలు. మీ పెద్దాయనకి నమస్కారం, నేను మెకానిక్కుని కాదని చెప్పకు.

తియ్యకు! ఆ "ఖుర్ర్" తియ్యకు. అది లోపం కాదే. ఆ పెట్టె కొన్ననాటినుంచీ మాట్లాడే ముందు గొంతు సవరించుకునేది. మీ తాతయ్య పది సార్లు తీసెయ్యాలని చూశాడు, ఆఖరికి "నీలాగే, అనవసరంగా సణుగుతుంది" అని వదిలేశాడు. అది లేకపోతే ఎంత శుభ్రంగా మాట్లాడినా నేను "ఇది కాదు" అనే అంటాను. ఒట్టు.

నీ ఉత్తరం నాలుగు సార్లు చదివాను. మొదటి రెండు సార్లు ఏడ్చాను. మూడోసారి కోపమొచ్చింది. తెలుసన్నమాట! పదకొండేళ్ళు నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ, తెలిసి ఊరుకున్నాడన్నమాట! ఒక్కసారి తిట్టి ఉంటే ఆ పూటకి ఏడ్చి హాయిగా ఉండేదాన్ని కదా. ఆయన ఫోటో ముందు నిలబడి మీ అమ్మకి వినబడేలా తిట్టాను. నాలుగోసారి చదివితే నవ్వొచ్చింది. కళ్ళు ఆనవట, దిగులు పడతానట. నేను దిగులు పడని రోజేది, ఆయనేదో కొత్తగా తెచ్చిపెడుతున్నట్టు!

నువ్వు చెప్పేదాకా ఆగలేదు, మీ అమ్మకి చెవుల సంగతి నేనే చెప్పేశాను. "రెండేళ్ళనుంచీ మాకు తెలుసు, నువ్వు చెబుతావేమోనని చూస్తున్నాం" అంది. ఈ ఇంట్లో అందరికీ అన్నీ తెలుసు, నోరు మాత్రం ఎవరికీ లేదు.

గురువారం డాక్టరు చెవిలో చిక్కుడు గింజంత మిషను పెట్టాడు. ఏంటిదన్నాను. "ఇదీ ఆంప్లిఫయరేనమ్మా, చిన్నది" అన్నాడు. అయితే నీ షాపులో నలభై, మన పెట్టె నలభై ఒకటి, నా చెవిలోది నలభై రెండు. దీనికెన్ని ఆంపులు, ఫ్యూజుందా, పిడుగు పడితే తియ్యాలా అని అడిగాను. అడిగినంతసేపూ నవ్వాడు. ఫ్యూజుందో లేదో మాత్రం చెప్పలేదు, నువ్వు చూసి చెప్పు. నా రవికకి చిన్న జేబు కుట్టి దాని డబ్బీ పెట్టుకుంటున్నాను.

పెట్టుకుని మెట్లెక్కుతుంటే ఎవరో వెనకాల వస్తున్నారని మూడు సార్లు ఆగాను. నా చెప్పులే. ఇస్త్రీ పెట్టె బుస్సుమనడం పైకి వినబడుతోంది. మీ నాన్న నడుం పట్టుకుని "అమ్మో" అనడం వినబడుతోంది, పాపం ఎన్నాళ్ళనుంచి అంటున్నాడో. మీ అమ్మ మాట్లాడితే ఉలిక్కిపడ్డాను. ఎందుకే అలా అరుస్తావంటే, నీకోసం అరిచి అరిచి అలవాటైపోయింది అంది. నిన్నటినుంచి ఇద్దరం మెల్లగా మాట్లాడుకోవడం నేర్చుకుంటున్నాం.

గోడ పడిపోయింది. ఎవరి నెత్తినా పడలేదు. మంచం జరపబట్టే కదా?

మీ నాన్న బస్సులోనే వస్తాను, ఆయన వెనక సీటు. వచ్చే శనివారం ఆయనకి సెలవు, ఆ పై శనివారం డ్యూటీ మీ ఊరికే పడింది. నా దుప్పటి తయారుగా పెట్టు. ఆ పిన్నుని మూత మీంచి పీకకు, అక్కడే ఉండనీ.

షాపు తలుపు దగ్గర నిలబడి "జేబు?" అని అరుస్తాను. నువ్వు వెనక్కి తిరగకు, చేతిలో పని ఉంటుంది. ఉన్న చోటునుంచే జవాబు చెప్పు. గట్టిగా చెప్పక్కర్లేదు, మామూలుగా చెప్పు. తరవాత స్విచ్చెయ్యి.

ఆగస్టు ఇరవై తొమ్మిది, శనివారం, పొద్దున పదకొండు గంటలకి.

అమ్మమ్మ